పూత మందు అని కొడ్తున్న సీసల అసలు ఏముంది?

పత్తి గూడ పట్టే టైమొచ్చినా, మిరప తోట పూతకొచ్చినా మందుల దుకాణంల ఒక మాట తప్పకుండ ఇనబడ్తది: "అన్నా, గీ పూత మందు ఒక్కసారి కొట్టి సూడు, చెట్టు నిండ పూతే." చేతుల పెట్టే సీస మీద రంగురంగుల పూల బొమ్మ ఉంటది, పెద్ద అక్షరాల పేరు ఉంటది. ఎనకకు తిప్పి కండ్లు చిట్లించి సూస్తె కింద ఇంగ్లీషుల చిన్న ముక్క ఒకటి కనబడ్తది. నైట్రోబెంజీన్, 20 శాతం.

అన్ని పూత మందులల్ల ఇదే ఉంటదని కాదు. కొన్నిట్ల సముద్రపు నాచు రసం ఉంటది, కొన్నిట్ల అమైనో ఆమ్లాలు, ఇంకొన్నిట్ల హ్యూమిక్ ఆమ్లం. గని నైట్రోబెంజీన్ సీసలు కూడ మన పత్తి, మిర్చి, టమాట, వంకాయ తోటలల్ల ఏండ్ల సంది తిరుగుతున్నయ్. పురుగుల మందు అంటె అందరికీ ఎంతో కొంత భయముంటది. మూతికి తువ్వాల చుట్టుకుంటరు, చేతులు కడుక్కుంటరు. గీ సీస దగ్గరికొచ్చేటాల్లకు ఆ భయం పోతది. ఎందుకంటె దుకాణపాయన దీన్ని మందు అనడు, "టానిక్కు" అంటడు. చెట్టుకు టానిక్కు అంటె మనిషికి ఏమైతది అని మనం అనుకుంటం.

అందుకే గీ నైట్రోబెంజీన్ అనేది ఏంది, ఎక్కడ పుట్టింది, ఎట్ల తయారైతది, మనిషి ఒంట్లకు పోతె ఏం చేస్తది అనేది జర ఇప్పి చెప్పుకుందాం. ఇంటర్ల ఎంపీసీ, బైపీసీ చదివిన తమ్ముళ్లు, చెల్లెండ్లకు సగం సంగతి తెలిసే ఉంటది. పరీక్షల కోసం బట్టీ పట్టిన ఆ పాఠమే మన చేను గట్టు మీద సీసల ఉందని మాత్రం ఎవ్వలు చెప్పి ఉండరు.

ఆరుగురి గుండ్రం

ముందు బెంజీన్ సంగతి. 1825ల లండన్ల మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త దీపాలకు వాడే గ్యాసు సిలిండర్ల అడుగున మిగిలిన నూనెల నుంచి దీన్ని ఏరు చేసిండు. ఈ ఫారడే బడి చదువు పెద్దగ లేనోడు. బుక్కులకు అట్టలు కుట్టే దుకాణంల పనికి చేరి, కుట్టనీకొచ్చిన బుక్కులే చదివి అంతటోడైండు. నాకు ఆయన మీద ఉన్న ప్రేమ వేరే, గది ఇంకోసారి రాస్త.

బెంజీన్ అంటె ఆరు కార్బన్ అణువులు బతుకమ్మ ఆడినట్టు గుండ్రంగ చేతులు పట్టుకోని నిలబడ్డయ్ అనుకోండ్రి. ఒక్కొక్కదాని చంకల ఒక హైడ్రోజన్ పిల్ల. ఈ గుండ్రం మస్తు గట్టిది, అంత తొందరగ ఇడిపోదు. ఇసొంటి గుండ్రం ఉన్న పదార్థాలనే కెమిస్ట్రీల ఆరోమాటిక్ అంటరు. మొదట్ల దొరికిన వాటిల్ల చానా వాటికి వాసన ఉండె, అందుకే ఆ పేరు పడ్డది. గుండ్రం ఇడవదు గని, చంకల ఉన్న పిల్లను మాత్రం మార్చొచ్చు. ఒక హైడ్రోజన్‌ను దించేసి ఆ జాగల ఒక నైట్రోజన్, రెండు ఆక్సిజన్లు ఉన్న జట్టును ఎక్కిస్తె అదే నైట్రోబెంజీన్. ఆ జట్టు పేరు నైట్రో గ్రూపు.

1834ల జర్మనీల మిచెర్లిక్ అనేటాయన మొదటిసారి దీన్ని తయారు చేసిండు. బెంజీన్‌ను పొగలు గక్కే నైట్రిక్ ఆసిడ్‌తోని కలిపి చేసిండు. ఇప్పటి ఫ్యాక్టరీలల్ల రెండు ఆసిడ్లు వాడ్తరు, నైట్రిక్, సల్ఫ్యూరిక్. ఇండ్ల సల్ఫ్యూరిక్ పనేందంటె, నైట్రిక్ ఆసిడ్ నుంచి నీళ్లను గుంజుకోని నైట్రోనియం అనే ప్లస్ చార్జి ఉన్న ముక్కను బయటికి తెస్తది. ఆ ముక్క ఎలక్ట్రాన్లు ఎక్కువున్న బెంజీన్ గుండ్రం మీద పడ్తది. హైడ్రోజన్ దిగిపోతది, నైట్రో ఎక్కి కూసుంటది. సల్ఫ్యూరిక్ ఆసిడ్ ఖర్చయిపోదు, నీళ్లతోని పల్చగైతది, దాన్ని మల్ల చిక్కగ చేసి వాడుకుంటరు. ఇదంత ఒక్క లైన్ల సమీకరణం లెక్క పుస్తకంల కనబడ్తది గని, నిజానికి కొరివితోని చెలగాటం. ఈ చర్యల వేడి మస్తు పుడ్తది. ఆ వేడిని ఎప్పటికప్పుడు నీళ్ల గొట్టాలతోని గుంజెయ్యకపోతె రియాక్టర్ చేతికి చిక్కదు. ఫ్యాక్టరీల సగం యంత్రాలు సల్లబెట్టనీకే ఉంటయ్. ఎనకట మన పారిశ్రామికవాడల్ల రియాక్టర్లు పేలినయ్ అన్న వార్తలు సదివినప్పుడల్ల చానాసార్లు ఇసొంటి వేడి కథనే ఉంటది: చర్య ఉరికింది, సల్లబెట్టేది ఆగింది. నైట్రేషన్ అనేది ఇంట్ల, కాలేజీ బాత్రూంల చేసి సూసే పని కాదు, జర యాదిల పెట్టుకోండ్రి.

తయారైన నైట్రోబెంజీన్ లేత పసుపు రంగుల నూనె లెక్క ఉంటది. 5.7 డిగ్రీల చలికే గడ్డ కడ్తది, 211 డిగ్రీలకు మరుగుతది. నీళ్ల కంటె బరువు, లీటరు తూగితె కిలో 200 గ్రాములు. నీళ్లల్ల సరిగ కరగదు, లీటరుకు 2 గ్రాములంత కరిగితె ఎక్కువ. కొవ్వుల, నూనెల, సారాయిల మాత్రం హాయిగ కరుగుతది. దాని ఆవిరి గాలి కంటె నాలుగింతల బరువు, అందుకే కిందనే పారుకుంట ఉంటది. ఈ ముచ్చట్లు ఊకె అంకెలు కావు. తర్వాత చెప్పబోయే ప్రతి కష్టం వీటి నుంచే పుడ్తది.

వాసన సంగతి ఇంకా ఘోరం. చేదు బాదం లెక్క, బూటు పాలిష్ లెక్క కమ్మటి వాసన. 19వ శతాబ్దంల దీన్ని "మిర్బేన్ నూనె" అని ముద్దుపేరు పెట్టి యూరప్‌ల సబ్బులల్ల వాసన కోసం కలిపిన్రు. ఖరీదైన బాదం నూనె బదులు చౌక సరుకు అన్నట్టు. బూట్ల రంగులల్ల కలిపిన్రు, ఆ బూట్లు ఆరకముందే తొడుక్కున్నోళ్లకు పెదవులు నీలంగ మారి దవాఖానల పడ్డరు. కాళ్ల తోలు నుంచే లోపలికి పోయింది. అప్పటి డాక్టర్లు రాసి పెట్టిన కేసులే ఇవన్ని. అంటె ఇది తోలు దాటుతది అనే సంగతి ప్రపంచానికి వందేండ్ల కింద్నే తెలుసు. మన సీస మీద మాత్రం ఇంకా పూల బొమ్మనే.

నీలిమందు రైతు, ఇదే నూనె

ప్రపంచంల తయారయ్యే నైట్రోబెంజీన్ల నూటికి 95 పాళ్లకు పైగ ఒక్కదానికే పోతది, అనిలీన్. నైట్రో గ్రూపుల ఉన్న ఆక్సిజన్లను పీకేసి హైడ్రోజన్లు ఎక్కిస్తె అనిలీన్ అయితది. 1842ల జినిన్ అనే రష్యా శాస్త్రవేత్త ఈ దారి కనిపెట్టిండు. 1854ల బెషాంప్ అనే ఫ్రెంచాయన ఇనుప రజను, ఆసిడ్‌తోని చౌకగ చేసి సూపెట్టిండు. రెండేండ్లకు, 1856ల, లండన్ల పెర్కిన్ అనే 18 ఏండ్ల పోరడు అనిలీన్‌తోని మలేరియా మందు చెయ్యబోతె ఊదా రంగు అచ్చింది. అక్కడ్నుంచి రంగుల ఫ్యాక్టరీల కాలం మొదలైంది.

ఈ కథ మన దగ్గరికి ఎట్లొచ్చిందో ఇనుండ్రి. అప్పటిదాక బట్టలకు నీలం రంగు అంటె చెట్టు నుంచే. మన దిక్కు కడప, నెల్లూరు జిల్లాలల్ల, అటు బీహార్, బెంగాల్ల నీలిమందు పంట. 1897ల జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ ఫ్యాక్టరీల చేసిన నీలిని బజారుకు తెచ్చింది. కొన్నేండ్లకే దాన్ని అనిలీన్ నుంచి ఇంకా చౌకగ చేసే పద్ధతి దొరికింది. చెట్టు నీలి ధర కూలిపోయింది. చంపారన్ల తెల్లదొరలు ఏం చేసిన్రంటె, వాళ్లకు తగిలిన దెబ్బను రైతు మీదికి నెట్టిన్రు. "నీలి పండించకున్నా సరే, శిస్తు పెంచి కట్టు" అన్నరు. 1917ల గాంధీ అక్కడికి పోయిన గొడవ గిదే. బడి పుస్తకంల చంపారన్ ఉంటది, కెమిస్ట్రీ పుస్తకంల అనిలీన్ ఉంటది. రెండిటినీ కలిపి చెప్పే పాఠం మాత్రం ఎక్కడ లేదు.

ఇప్పుడు అనిలీన్ ఎక్కువ ఫ్రిజ్ గోడలల్ల నింపే గట్టి నురగకు పోతది. రబ్బరు రసాయనాలకు, రంగులకు, మందులకు పోతది. జొరమొస్తె ఏసుకునే పారాసిటమాల్ తయారుచేసే దారులల్ల ఒకటి కూడ నైట్రోబెంజీన్ నుంచే మొదలైతది. కాబట్టి ఈ పదార్థం పుట్టుడే పాపం అని నేను అంటలేను. గట్టి గొట్టాలల్ల, మూత ఉన్న ట్యాంకులల్ల, గాలి పరీక్ష చేసుకుంట పనిచేసే ఫ్యాక్టరీల దాని పని అది చేసుకుంటది. అక్కడ పనిచేసే కార్మికునికి 8 గంటల డ్యూటీల గాలిల 10 లక్షల భాగాలకు 1 భాగం కంటె ఎక్కువ ఉండొద్దని అమెరికాల లెక్క పెట్టిన్రు. సరే, మన చేన్ల ఎవ్వలు లెక్కబెట్టిన్రు?

ఫ్యాక్టరీల కూడ చెయ్యి జారితె ఏమైతదో 2005ల చైనా సూసింది. నవంబర్ 13న జిలిన్ పట్నంల పెట్రోకెమికల్ ఫ్యాక్టరీల నైట్రోబెంజీన్ శుద్ధి చేసే కాడ పేలుడైంది. 8 మంది సచ్చిపోయిన్రు. దాదాపు 100 టన్నుల బెంజీన్, నైట్రోబెంజీన్ సొంఘువా నదిల కలిసింది. నది కింది దిక్కున హార్బిన్ మహానగరం. నీళ్లు బందు పెడ్తున్నం, పైపులు రిపేరు చేస్తున్నం అని ముందు అబద్ధం చెప్పిన్రు. జనం నమ్మలే, దుకాణాలల్ల నీళ్ల సీసలు ఖతం. ఆఖరుకు నిజం ఒప్పుకున్నరు. లక్షల మందికి నాలుగు రోజులు నల్లా రాలే. ఆ విషపు పాయ 80 కిలోమీటర్ల పొడుగు ఉండె, అది పారుకుంట పారుకుంట రష్యా దాక పోయింది. పర్యావరణ శాఖ పెద్దాయన కుర్సీ ఇడిసిండు. నీళ్ల కంటె బరువు, నీళ్లల్ల సరిగ కరగదు అని పైన చెప్పిన కదా. అందుకే అది తొందరగ కొట్టుకపోక నదిని పట్టుకోని ఉన్నది.

"నైట్రో అంటె యూరియా లాంటిదే"

ఈ మాట నేను శాన మంది నోట ఇన్న. నైట్రో అంటె నత్రజని, నత్రజని అంటె ఎరువు, ఎరువంటె మంచిదే కదా అని. లెక్క చేద్దాం. నైట్రోబెంజీన్ల నత్రజని నూటికి 11 పాళ్లు. 20 శాతం సీస లీటరు తీసుకుంటె అండ్ల నైట్రోబెంజీన్ 200 గ్రాములంత, అండ్ల నత్రజని 23 గ్రాములు. గంతే నత్రజని యూరియాల కావాలంటె 50 గ్రాములు సాలు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, అంటె 50 గ్రాముల యూరియా ధర ముప్పై పైసలు. సీసకు మీరు ఎన్ని వందలు కట్టిన్రో మీకే తెలుసు. అది పోను, గుండ్రానికి అతుక్కున్న ఆ నత్రజని యూరియాల లెక్క అల్కగ ఊడి చెట్టుకు అందేది కూడ కాదు. కాబట్టి ఇది ఎరువు లెక్కల రాదు.

మరి పూత నిజంగ పెరుగదా అంటె, కంపెనీలు చెప్పేదేందంటె చెట్టుల పిండిపదార్థానికి, నత్రజనికి ఉండే తక్కెడ మారి కొమ్మ బదులు పూతకు బలం పోతది అని. కొన్ని కాలేజీల ట్రయల్స్ల కాయలు పెరిగినయ్ అని రాసినోళ్లున్నరు కూడ. నేను దాన్ని కొట్టేస్తలేను. నా గొడవ వేరే. పది కాయలు పెరిగినయ్ అనే లెక్క రాసినోళ్లు పంపు మోసినోని పెదవుల రంగు రాసిన్రా?

పూత, గూడ రాలుతున్నదంటె దానికి కారణం చేన్లనే ఉంటది. ఎడతెగని ముసురు, ఏర్ల కాడ నీళ్లు నిలుచుడు, ఒక్కసారి ఎండి ఒక్కసారి తడుసుడు, రసం పీల్చే పురుగు, పొటాష్, బోరాన్ తక్కువైతుండుడు. నీళ్లు నిలిచిన చేన్ల ఏ టానిక్కు కొట్టినా పైస దండుగ. ముందు కాలువ తియ్యాలె. పొటాషియం నైట్రేట్, అదే మనం 13-0-45 అంటం కదా, లీటరు నీళ్లకు 10 గ్రాములు కలిపి కొట్టుడు వ్యవసాయ శాఖోళ్లు చెప్పే మామూలు పద్ధతే. పేరుల నైట్రేట్ ఉందని భయపడేరు, అది ఉప్పు లాంటిది, నైట్రోబెంజీన్‌కు దానికి సుట్టరికం లేదు. మీ రైతు వేదిక కాడికి పోయి ఏఈవోకు ఆకు, గూడ సూపెట్టి అడుగుండ్రి. సర్కారు జీతమిచ్చి పెట్టింది గందుకే.

నెత్తురు సాక్లెట్ రంగుల

ఇగ ఒంట్ల ఏం జరుగుతదో సూద్దాం. మన నెత్తురుల హిమోగ్లోబిన్ ఉంటది, దాని నడుమ ఇనుము. ఆ ఇనుము ఒక రకం స్థితిల ఉంటెనే ఆక్సిజన్‌ను పట్టుకోని, కావాల్సిన కాడ ఇడుస్తది. నైట్రోబెంజీన్ లోపలికి పోయినంక పేగులల్ల ఉండే సూక్ష్మజీవులు, కాలేయం దాన్ని ఇరగ్గొట్టి వేరే పదార్థాలు చేస్తయ్. ఆ పదార్థాలు ఇనుమును ఇంకో స్థితికి తోస్తయ్. తుప్పు పట్టినట్టు అనుకోండ్రి. అప్పుడు దాన్ని మెథిమోగ్లోబిన్ అంటరు. అది ఆక్సిజన్ మొయ్యదు. ఊపిరి నిండ గాలి పీలుస్తున్నా లోపల అవయవాలకు అందదు. బస్సులు నిండ ఉన్నయ్ గని తలుపులు తెరుసుకుంటలేవు అన్నట్టు.

మామూలు మనిషిల ఇది నూటికి 1 పాలు లోపే ఉంటది. 15 దాటితె పెదవులు, గోర్లు నీలంగ, బూడిద రంగుల కనబడ్తయ్. ఇంకా పెరిగితె తలనొప్పి, కండ్లు తిరుగుడు, ఆయాసం, గుండె దడ, మత్తు. 70 దగ్గరికొస్తె పానం నిలువది. సూది గుచ్చి తీసిన నెత్తురు ఎర్రగ కాదు, సాక్లెట్ రంగుల ఉంటది. మన దేశపు డాక్టర్లు ఇసొంటి కేసులు తమ పత్రికలల్ల చానానే రాసిన్రు, వాటిల్ల చేన్లకు కొట్టే సీసల వల్ల అయినవి కూడ ఉన్నయ్.

రెండు సంగతులు దీన్ని పురుగుల మందు కంటె మాయదారిది చేస్తయ్. ఒకటి, ఎంబడే తెలువది. ఒంట్ల మారనీకె టైము పడ్తది కాబట్టి మందు కొట్టిన కొన్ని గంటలకు, ఒక్కోసారి రాత్రికి బయటపడ్తది. ఎండ దెబ్బ, బీపీ అనుకోని పండబెడ్తరు. రెండోది, ఇది కొవ్వుల దాక్కుంటది. అక్కడ్నుంచి మెల్లమెల్లగ మల్ల నెత్తురులకు దిగుతది. ఒకసారి తక్కువై, మర్నాడు తిరగబెడ్తది.

దీర్ఘకాలం సంగతి కూడ చెప్పాలె. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1996ల దీన్ని మనుషుల్ల క్యాన్సర్ చేసే అవకాశమున్న వాటి లిస్టుల, 2బి గ్రూపుల పెట్టింది. ఎలుకల మీద చేసిన పరీక్షలల్ల వృషణాలు దెబ్బతిన్నయ్, వీర్యకణాలు తగ్గినయ్. పెండ్లి కాని పోరగాండ్లు పొద్దంత పంపు మోసుకోని తిరిగే ఊర్లల్ల ఈ ముచ్చట సిగ్గుపడి దాచేది కాదు.

చట్టం ఎక్కడుంది?

పురుగుల మందు డబ్బా మీద వజ్రం ఆకారంల ఒక గుర్తు ఉంటది, సూసే ఉంటరు. కింది సగంల ఎరుపు ఉంటె అతి విషం, పసుపు ఉంటె దాని తర్వాత, నీలం ఇంకా తక్కువ, ఆకుపచ్చ అన్నిట్ల కంటె తక్కువ. 1968 పురుగుమందుల చట్టం, దాని కింద పెట్టిన రూల్స్ వల్ల అచ్చింది ఆ గుర్తు. అదే చట్టం వల్లనే విరుగుడు ఏందో రాసిన కాయిదం డబ్బాల పెట్టాలె. టానిక్కు పేరు పెట్టి అమ్మితె ఈ గుర్తు అక్కరలేదు అన్నట్టు ఏండ్లకేండ్లు నడిచింది. ఎరువు కాదు, పురుగుమందు కాదు, నడుమ సందుల నుంచి సరుకు పోయింది. 2021 ఫిబ్రవరిల కేంద్రం ఎరువుల కంట్రోల్ ఆర్డర్ల బయోస్టిమ్యులెంట్లు అని కొత్త షెడ్యూల్ చేర్చింది. ఇసొంటివి అమ్మాలంటె విష పరీక్షల వివరాలు ఇయ్యాలె, రిజిస్ట్రేషన్ ఉండాలె అన్నది. గని తాత్కాలిక పర్మిషన్లు పొడిగించుకుంట పొడిగించుకుంట 2025 జూన్ దాక లాగిన్రు. ఇప్పుడు ఆ సాకు లేదు.

కాబట్టి సీస కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న సీదా ఉంది: దీనికి ఏ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంది, నంబరేది? నంబరు సూపెట్టనోని దగ్గర కొనకండ్రి. కొంటె బిల్లు తీసుకోండ్రి, బిల్లు మీద సీస పేరు, బ్యాచ్ నంబరు రాయించండ్రి. దుకాణపాయనకు కోపమొస్తె రానీ. పంట పోయినా, పానం మీదికొచ్చినా నీ చేతుల ఉండే సాక్ష్యం ఆ తెల్ల కాయిదమే. ఉద్దెర తెచ్చినోళ్లకు బిల్లు అడగనీకె నోరు రాదని నాకు తెలుసు. గందుకే నలుగురు కలిసి పోవాలె, ఒక్కడు పోతె "నీకేం తెలుసురా" అంటరు.

ఇంట్ల ఇప్పటికే సీస ఉందా? అయితె జర పైలం. అన్నిటికంటె డేంజర్ పని మూత తీసి కొలిచి పోసే పని, ఎందుకంటె అప్పుడది చిక్కగ ఉంటది. నీళ్లల్ల కలవని నూనెను కలిసేటట్టు చెయ్యనీకె అండ్ల వేరే పదార్థాలు కూడ పోస్తరు. చేతితోని కలపొద్దు, కట్టెతోని కలపాలె. మెడికల్ దుకాణంల దొరికే సన్నటి గ్లౌజులను ఇది తొందరగనే దాటుతది, దళసరి రబ్బరు గ్లౌజులు కావాలె. నాలుగు మందులు ఒకే ట్యాంకుల కలిపి కొట్టే అలవాటు మానాలె. ఈపు మీద పంపు కారుతుంటె పాత గుడ్డ అడ్డం పెట్టి నడిపించకండ్రి, ఆ గుడ్డనే తడిసి మందును తోలుకు అంటిపెట్టి ఉంచుతది. కూల్‌డ్రింక్ సీసల, నీళ్ల సీసల పోసి దాచుడు అసలే వద్దు. దాని రంగు, వాసన సూసి పిల్లలు తాగబోతరు, పసిపిల్లల నెత్తురు దీనికి ఇంకా తొందరగ లొంగుతది. ఇంకొక ముచ్చట, మందు కొట్టొచ్చినంక ఒళ్లు నొప్పులని కల్లుకో, క్వార్టర్‌కో పోతరు కదా. సారాయి ఈ విషం పనిని పెంచుతది. ఇది రసాయనాల భద్రతా కార్డులల్లనే రాసి ఉంది, నేను కల్లుకు అడ్డం కాదు.

ఎవ్వలకన్న పెదవులు, గోర్లు నీలంగ అయితె, మందు కొట్టిన దినం ఆయాసమొస్తె: బట్టలు ఎంబడే ఇప్పెయ్యాలె, సబ్బు పెట్టి నెత్తి నుంచి కాళ్ల దాక కడగాలె. కడిగేటోళ్లు కూడ చేతులకు అంటకుండ సూసుకోవాలె. పాలు, నూనె తాపొద్దు, అది కొవ్వుల కరిగే రకం అని చెప్పిన కదా. ఉప్పు నీళ్లు తాపి కక్కించొద్దు. 108కు ఫోన్ కొట్టుండ్రి, సీసను సంచిల ఏసుకోని దవాఖానకు పట్టుకపోండ్రి. కరోనాల కొన్న వేలు క్లిప్పు మీటరు ఇంట్ల ఉంటె పెట్టి సూడుండ్రి గని దాన్ని నమ్మి కూసోకండ్రి. ఈ విషంల ఆ మీటరు 85 కాడికొచ్చి ఆగుతది, ఆక్సిజన్ పెట్టినా పెద్దగ కదలది. డాక్టరుకు ఆ సంగతే చెప్పుండ్రి: "నైట్రోబెంజీన్ కొట్టిండు సార్, ఆక్సిజన్ పెట్టినా పెరుగుతలేదు."

దీనికి విరుగుడు ఉంది. పేరు మిథిలీన్ బ్లూ, నరంల ఎక్కించే నీలం మందు. తుప్పు పట్టిన ఇనుమును మల్ల పాత స్థితికి తెస్తది. అది కూడ అనిలీన్ కుటుంబంల పుట్టిందే. 1876ల హైన్రిక్ కారో అనే జర్మన్ బట్టల రంగు కోసం చేసిండు. అంటె విషం, విరుగుడు ఒకే ఇంట్ల పిల్లలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల లిస్టుల ఇది ఉంది, ధర కూడ పెద్దది కాదు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్నోళ్లకు మాత్రం ఇది ఇస్తె నెత్తురు కణాలు పగులుతయ్, అందుకే డాక్టరు సూసే ఇయ్యాలె, ఇంట్ల పెట్టుకునేది కాదు.

మరి అది మన దవాఖానల ఉందా? పత్తి, మిర్చి ఏసే ప్రతి మండలంల చదువుకున్న పోరగాండ్లు ఒక పని చెయ్యొచ్చు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతోని దరఖాస్తు పెట్టి మూడు ప్రశ్నలు అడుగుండ్రి. మన ఏరియా దవాఖానల, జిల్లా దవాఖానల మిథిలీన్ బ్లూ ఇంజక్షన్లు ఇయ్యాల ఎన్ని ఉన్నయ్? పోయిన వానకాలంల ఎన్ని దినాలు స్టాకు లేదు? పూత మందు తాకి అచ్చినోళ్లను ఏ పేరు కింద రిజిస్టర్ల రాసుకుంటున్నరు? 30 దినాలల్ల జవాబు ఇయ్యాలె. రాసిచ్చిన జవాబును మాకు పంపుండ్రి, ఊరు పేరు పెట్టి ఏస్తం.

ఇంకొకటి మర్చిపోతుంటి. విరుగుడు ఎక్కించినంక మనిషి లేచి కూసోని మాట్లాడ్తుంటడు, పెదవులు ఎర్రగైతయ్. ఇంటోళ్లు బిల్లుకు భయపడి "తీస్కపోతం సార్" అంటరు. అప్పుడే తీస్కపోకండ్రి. కొవ్వుల దాక్కున్నది మర్నాడు, మూడోనాడు దిగుతది, రెండోసారి ఇంజక్షన్ పడాల్సి రావొచ్చు. డాక్టరు సూసి పొమ్మనే దాక ఆ మంచం మీదనే ఉంచుండ్రి.